ఒకే గొంతు, రెండు దారులు

ఫోన్‌లో అమ్మ పేరు రెండు చోట్ల ఉంటుంది. డయలర్‌లో ఒకసారి, వాట్సాప్‌లో ఇంకోసారి. నంబరు ఒక్కటే, మోగేదీ ఒకే ఫోను, అవతల ‘ఆఁ... చెప్పు నాన్నా’ అనే గొంతూ ఒక్కటే. అయినా ఏ పేరు మీద వేలు పెట్టారన్న దాన్ని బట్టి మాట వెళ్లే దారి మారిపోతుంది. ఆ మాటకు పూచీపడేవాళ్లూ మారిపోతారు. కరెంటు పోయినప్పుడు, తుపాను విరుచుకుపడినప్పుడు, మనిషి దేశం దాటినప్పుడు ఆ తేడా బయటపడుతుంది.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెల్లో ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుసు. దుబాయ్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో ఫొటో పంపుతాడు, మాట రికార్డు చేసి పంపుతాడు. అదే వాట్సాప్‌లో కాల్ చేయబోతే కలవదు. ఫోను ఉంది, ఇంటర్నెట్ ఉంది, యాప్ ఉంది. మాటకే అడ్డు. ఎందుకలా అన్నది తెలియాలంటే తీగల కాలం నుంచీ నడుచుకుంటూ రావాలి.

పెళ్లి బస్సు పద్ధతి

మన దేశంలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మొదలయ్యాయి. అప్పట్లో ఎక్స్ఛేంజి అంటే ఒక బోర్డు, దాని ముందు ఒక ఆపరేటరు. ఒక తీగ కొసను ఇంకో తీగ కొసతో చేత్తో కలిపితేనే మాట. ఆ చేతిపనిని యంత్రానికి అప్పగించినవాడు అమెరికాలోని కాన్సస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి ఆల్మన్ స్ట్రోజర్. తనకు రావాల్సిన కాల్స్‌ను ఆపరేటరు పోటీదారుకు కలుపుతోందన్న అనుమానంతో ఆయన ఈ పనికి పూనుకున్నాడని చెబుతారు. 1891లో పేటెంటు వచ్చింది. డయల్ తిప్పితే యంత్రమే వెతికి కలపడం అక్కడి నుంచే. మన దగ్గర ఊరి నుంచి ఊరికి నేరుగా డయల్ చేసుకునే ఎస్టీడీ 1960లో లక్నో, కాన్పూర్ మధ్య మొదలైంది. అది తమ ఊరికి చేరేదాకా ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బల్ల మీద గంటలు గంటలు కూర్చోవడమే జనం పని.

చేత్తో కలిపినా యంత్రం కలిపినా సూత్రం ఒకటే. మాట్లాడినంతసేపూ ఆ దారి ఆ ఇద్దరిదే. పెళ్లికి బస్సు మాట్లాడుకున్నట్టన్నమాట. సగం సీట్లు ఖాళీగా ఉన్నా బయటివాళ్లు ఎక్కరు, బాడుగ మాత్రం బస్సు మొత్తానికీ కట్టాలి. ఇద్దరూ మౌనంగా రిసీవరు పట్టుకు కూర్చున్నా మీటరు తిరుగుతూనే ఉంటుంది. పసుపు పచ్చ ఎస్టీడీ బూత్‌లో ఎర్ర అంకెలు పరుగెత్తుతుంటే చెప్పాల్సిన నాలుగు మాటలూ గబగబా చెప్పి పెట్టేసినవాళ్లకూ, రాత్రి పదకొండు దాటాక వచ్చే పావు రేటు కోసం క్యూలో నిలబడినవాళ్లకూ ఇది వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత ఎక్స్ఛేంజీలు డిజిటల్ అయ్యాయి. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సి-డాట్ మన ఎండలకు, మన దుమ్ముకు, ఏసీ లేని గదులకు తట్టుకునే గ్రామీణ ఎక్స్ఛేంజిని తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో పెట్టారు. ఆ సంస్థకు పునాది వేసిన శ్యామ్ పిట్రోడా పేరు ఊరూరా తెలిసింది ఆ రోజుల్లోనే. ఈ డిజిటల్ ఎక్స్ఛేంజి గొంతును సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది, ప్రతి కొలతనూ 8 బిట్లుగా రాసుకుంటుంది. అంటే ఒక్కో కాల్‌కు సెకనుకు 64,000 బిట్లు. అంత వెడల్పు దారిని ప్రతి కాల్‌కూ కేటాయించి పెడుతుంది. గొంతులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ మధ్య ఉన్న భాగాన్ని మాత్రమే తీసుకుంటుంది. పాత ఫోన్లో ‘స’కూ ‘ఫ’కూ తేడా సరిగా వినపడకపోవడానికి కారణం ఇదే. ఆ శబ్దాల పదును చాలావరకు 3,400 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది.

మాటను ముక్కలు చేస్తే...

ఇంటర్నెట్ కాల్‌లో బస్సు ఉండదు. గొంతును సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోస్తారు. అంటే సెకనుకు 50 ముక్కలు. ప్రతి ముక్క మీదా చేరాల్సిన చిరునామా, వరుస సంఖ్య రాసి వదిలేస్తారు. పెళ్లివారంతా ఎవరికి దొరికిన ఆటో వాళ్లెక్కి విడివిడిగా మండపానికి చేరుకోవడం లాంటిది. దారి ఎవరికీ సొంతం కాదు. అదే తీగలో పక్కింటి సినిమా, ఎదురింటి ఆన్‌లైన్ క్లాసు, బ్యాంకు లావాదేవీ అన్నీ కలిసి పోతుంటాయి. ఎవరూ మాట్లాడనప్పుడు ముక్కలు బాగా తగ్గించొచ్చు. ఖర్చు పడిపోయిందంటే ఈ పంచుకోవడం వల్లే.

చిక్కు కూడా అక్కడే. ముందు బయల్దేరిన ముక్క వెనక రావచ్చు, ఒకటి అరా దారిలోనే తప్పిపోవచ్చు. అందుకే అవతలి ఫోను వచ్చిన ముక్కల్ని వచ్చినట్టే వినిపించదు. కొద్దిసేపు పోగుచేసి, వరుసలో పెట్టి, రాని ముక్క స్థానాన్ని ఉజ్జాయింపుగా పూరించి అప్పుడు వినిపిస్తుంది. ఈ ఆగడం ఎక్కువైతే సంభాషణ చెడుతుంది. ఒకవైపు నుంచి మాట 150 మిల్లీసెకన్లలోపు చేరితే మనుషులకు ఇబ్బంది తెలియదన్నది అంతర్జాతీయ టెలికాం సమాఖ్య పెట్టుకున్న కొలత. అది బాగా దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగుతారు. ‘హలో... వినపడుతోందా?’ అన్న మాట అందరి నోటా ఊతపదం అయిందంటే కారణం ఈ లెక్కే.

ఈ ఆలోచన కొత్తది కాదు. ఇప్పటి ఇంటర్నెట్‌కు ముందరి రూపమైన ఆర్పానెట్ మీద 1974లోనే డానీ కోహెన్ బృందం అమెరికా రెండు తీరాల మధ్య గొంతును ప్యాకెట్లుగా పంపి చూపించింది. జనం చేతికి రావడానికి మరో ఇరవై ఏళ్లు పట్టింది. 1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్ సంస్థ వోకల్‌టెక్ కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడుకునే ‘ఇంటర్నెట్ ఫోన్’ను అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు మన దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ చేశారు. పదిహేను రోజులకు, ఆగస్టు 15న, ప్రభుత్వ సంస్థ వీఎస్ఎన్ఎల్ ప్రజలకు ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవాళ ఒకే పరికరంలో ఇమిడిపోయిన ఆ మూడూ ఒకే ఏడాది పిల్లలు.

2003 ఆగస్టులో స్కైప్ వచ్చింది. అమెరికాలో చదువుకునే పిల్లల ముఖం చూడటానికి గుంటూరులో, వరంగల్‌లో తల్లిదండ్రులు కంప్యూటర్ కొన్నది ఆ తర్వాతి ఏళ్లలోనే. అంతకుముందు ఆ పిల్లలు ఇండియన్ స్టోర్‌లో కాలింగ్ కార్డు కొని, వెండి పూత గీకి, బారెడు అంకెలు కొట్టి ఇంటికి ఫోన్ చేసేవాళ్లు. ఆ కార్డుల్లో చాలావాటి కాల్స్ మహాసముద్రం దాటింది ఇంటర్నెట్ దారిలోనే. రెండు కొసల్లోనూ మామూలు టెలిఫోనే ఉండటంతో అది ఎవరికీ తెలియలేదు. దాదాపు ఇరవై రెండేళ్ల పాటు దేశాంతరాల ఇళ్లను కలిపిన స్కైప్‌ను మైక్రోసాఫ్ట్ 2025 మేలో మూసేసింది.

కలిసే గుమ్మం

ఇంటర్నెట్ దారీ టెలిఫోన్ దారీ కలిసే చోటును గేట్‌వే అంటారు. ఒకవైపు నుంచి ముక్కలు వస్తాయి. అది వాటిని పేర్చి, ఎడతెగని ధారగా మార్చి టెలిఫోన్ వైపు వదులుతుంది. అటు నుంచి వచ్చిన ధారను ముక్కలు చేసి ఇటు పంపుతుంది. గొంతును మోయడం ఒక పని అయితే, ఎవరికి మోగించాలి, ఎత్తారా లేదా, ఎప్పుడు పెట్టేశారు అన్న కబుర్లు చేరవేయడం ఇంకో పని. ఇంటర్నెట్ వైపు ఆ పనికి ఎక్కువగా వాడేది ‘సిప్’. హెన్నింగ్ షుల్జ్రిన్, మార్క్ హ్యాండ్లీ తదితరులు 1990ల చివర రూపొందించిన పద్ధతి అది. టెలిఫోన్ వైపు అంతకంటే పాతదైన ‘ఎస్ఎస్7’ ఉంది. గేట్‌వే ఈ రెండు భాషలకూ దుబాసీ. కస్టమర్ కేర్‌కు ల్యాండ్‌లైన్ నుంచి చేసిన కాల్ హైదరాబాద్ మాదాపూర్‌లో హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఉద్యోగి కంప్యూటర్‌లో మోగుతుందంటే మధ్యలో ఎక్కడో ఈ గుమ్మం దాటే వెళ్తుంది.

అయితే వాట్సాప్ ఈ గుమ్మం తొక్కదు. అది తన యాప్ నుంచి తన యాప్‌కే మాట్లాడిస్తుంది, ల్యాండ్‌లైన్‌కు చేయలేదు. మీ పది అంకెల నంబరును మాత్రం టెలిఫోన్ వ్యవస్థ నుంచి అరువు తెచ్చుకుని గుర్తింపుగా వాడుకుంటుంది. ఆ నంబరు మీదేనని తేల్చుకోవడానికి వచ్చే ఓటీపీ కూడా ఎక్కువగా ఎస్సెమ్మెస్ రూపంలో ఆ దారినే రావాలి. సిమ్ తీసేసినా యాప్ నడిచిపోతుండటం మోసగాళ్లకు కలిసొస్తోందని, ఫోన్‌లో సిమ్ ఉంటేనే యాప్ పనిచేయాలని టెలికాం శాఖ 2025 నవంబరులో మెసేజింగ్ సంస్థలను ఆదేశించింది. వాట్సాప్ పక్షాన చెప్పాల్సిన గొప్ప గుణమూ ఒకటుంది. అందులో మాట ఈ కొస నుంచి ఆ కొస దాకా తాళం వేసుకుని వెళ్తుంది, మధ్యలో కంపెనీ కూడా వినలేదు. మామూలు కాల్‌కు ఆ రక్షణ లేదు. చట్టం అనుమతిస్తే ప్రభుత్వం వినవచ్చు.

ఇక చాలామందికి తెలియని సంగతి. ఇవాళ 4జీ ఫోన్‌లో మామూలుగా డయల్ చేసే కాల్ కూడా ముక్కలుగానే వెళ్తుంది. 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియోకు పాత పద్ధతి ఎక్స్ఛేంజి నెట్‌వర్కే లేదు, మొదటి రోజు నుంచీ అన్నీ ప్యాకెట్లే. ‘వోల్టే’ అంటే అదే. అప్పటికి ఇతర కంపెనీల 4జీలో కాల్ రాగానే ఫోను 3జీకో 2జీకో దిగిపోయేది, ఇంటర్నెట్ నెమ్మదించేది. మరి వోల్టేకూ వాట్సాప్‌కూ తేడా ఏమిటి? పూచీ. వోల్టే కాల్ ముక్కలకు టవర్ నుంచే ప్రత్యేకమైన వరుస ఉంటుంది, సినిమా ముక్కలు ఎన్ని ఉన్నా వీటినే ముందు పంపుతారు. వాట్సాప్ ముక్కలు అందరితో పాటు రద్దీలో నిలబడాల్సిందే. జాతరలోనో క్రికెట్ మ్యాచ్‌లోనో యాప్ కాల్ తెగిపోయినా మామూలు కాల్ నిలబడటానికి ఇదొక కారణం. 2019 డిసెంబరులో వచ్చిన వైఫై కాలింగ్ ఈ రెంటికీ నడిమి మార్గం. సిగ్నల్ అందని గదిలో ఇంటి ఇంటర్నెట్ మీదుగా వెళ్లే కాల్ అయినా నంబరూ పూచీ మొబైల్ కంపెనీవే.

ఆరు పైసల తగువు

సాంకేతికంగా కలపడం తేలికే. లెక్కలు కలవడమే కష్టం. ఒక కంపెనీ కాల్‌ను ఇంకో కంపెనీ తన వినియోగదారుకు చేరవేసినందుకు నిమిషానికి ఇంత అని పుచ్చుకునేది. అది 14 పైసలుండగా 2017 అక్టోబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 6 పైసలు చేసింది. 2019 అక్టోబరులో జియో ఆ 6 పైసలనూ వినియోగదారుల నుంచే వసూలు చేయడం మొదలుపెట్టింది. 2021 జనవరి 1 నుంచి ఆ చార్జీ సున్నా అయింది. అంతకుముందు 2016లో జియో కాల్స్‌ను తీసుకోవడానికి సరిపడా లైన్లు ఇవ్వలేదంటూ ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాలకు మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానా వేయాలని ట్రాయ్ సిఫార్సు చేసింది. ఎంత గొప్ప టెక్నాలజీ ఉన్నా పక్కవాడు తలుపు తీయకపోతే కాల్ మోగదు.

ఇంటర్నెట్ కాల్‌కు మన చట్టం తలుపు తీసిన తీరు ఇంకా నెమ్మది. 2002 ఏప్రిల్ 1న ఇంటర్నెట్ టెలిఫోనీని అనుమతించారు. కంప్యూటర్ నుంచి విదేశీ ఫోనుకు చేసుకోవచ్చు, దేశంలోని మామూలు ఫోనుకు మాత్రం కుదరదు. విజయవాడ కంప్యూటర్ నుంచి చికాగో ల్యాండ్‌లైన్ మోగేది, పక్కనే ఉన్న ఏలూరు ల్యాండ్‌లైన్ మోగకూడదు! ఆ అడ్డు తొలగడానికి పదహారేళ్లు పట్టింది. 2018లో టెలికాం శాఖ స్పష్టత ఇచ్చాక బీఎస్ఎన్ఎల్ ‘వింగ్స్’ యాప్ తెచ్చింది. అప్పట్లో ఏడాదికి 1,099 రూపాయలు కడితే సిమ్ లేకుండానే పది అంకెల నంబరు, దాంతో ఏ ఫోనుకైనా కాల్. ఈ మధ్యలోనే, 2014 డిసెంబరులో, ఇంటర్నెట్ కాల్స్‌కు వేరే డేటా రేటు పెడతానని ఎయిర్‌టెల్ ప్రకటించి, జనం మండిపడటంతో వెనక్కి తగ్గింది. మరుసటి ఏడాది ఈ విషయం మీద ట్రాయ్‌కు పది లక్షలకు పైగా ఈమెయిళ్లు వెళ్లాయి. సామాన్యులు ఒక సాంకేతిక నిబంధన గురించి అంతమంది కలిసి నిలబడటం గర్వించదగ్గ విషయం.

దుబాయ్ చిక్కుముడి కూడా డబ్బు దగ్గరే పడింది. యూఏఈలో ఇంటర్నెట్ కాల్స్ అందించే హక్కు లైసెన్సున్న టెలికాం కంపెనీలకే ఉంది. వాటి ప్యాకేజీలతో ముడిపడిన బోటిమ్ వంటి యాప్‌లకు దారి ఇచ్చి, వాట్సాప్ కాల్స్‌ను ఏళ్లుగా ఆపుతున్నారు. ఫొటో, మెసేజ్, రికార్డు చేసిన మాట టెలికాం ఆదాయానికి గండి కొట్టవు కనుక అవి వెళ్తాయి. సౌదీ అరేబియా 2017 సెప్టెంబరులో ఇలాంటి నిషేధాన్ని చాలావరకు సడలించింది. నెల జీతంలో అధిక భాగం ఇంటికి పంపే కూలీకి భార్యాపిల్లలతో మాట్లాడుకునే హక్కు ప్యాకేజీతో ముడిపడటం అన్యాయం. ఆ మాట సూటిగానే చెప్పాలి.

దొంగ గుమ్మాలు

గుమ్మం ఉన్నచోట దొడ్డిదారీ ఉంటుంది. విదేశాల నుంచి వచ్చే కాల్‌ను చేరవేసినందుకు మన కంపెనీలకు నిమిషానికి కొన్ని పైసలు అందాలి. అది ఎగ్గొట్టడానికి కొందరు అద్దె గదిలో పదుల కొద్దీ సిమ్‌లు గుచ్చిన పెట్టెలు పెడతారు. విదేశీ కాల్ ఇంటర్నెట్ మీద ఆ గదికి వచ్చి, ఏదో ఒక సిమ్ నుంచి లోకల్ కాల్‌లా బయటికి పోతుంది. గల్ఫ్ నుంచి కొడుకు చేస్తే అమ్మ ఫోన్‌లో ముక్కూ ముఖం తెలియని లోకల్ నంబరు కనిపించడానికి ఒక కారణం ఇదే. ఇలాంటి అక్రమ ఎక్స్ఛేంజీలను హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో పోలీసులు పట్టుకున్నారు. ఈ దందాను తగ్గించడమూ ఒక ఉద్దేశంగా ట్రాయ్ 2018లో ఆ చార్జీని 53 పైసల నుంచి 30 పైసలకు దించింది.

ఇంతకంటే ప్రమాదకరమైనది నంబరు మారువేషం. పాత ఎక్స్ఛేంజిలో మీ నంబరు మీ తీగకు కట్టేసి ఉండేది. ఇంటర్నెట్ దారిలో కాల్ చేసేవాడి నంబరు ఒక గడిలో నింపే అంకెలు మాత్రమే. మధ్యవర్తి కంపెనీ సరిచూడకపోతే విదేశంలో కూర్చున్నవాడు +91తో మొదలయ్యే మన నంబరును అందులో రాసి పంపొచ్చు. పోలీసులమంటూ ‘డిజిటల్ అరెస్టు’ పేరుతో వృద్ధుల పొదుపును దోచే ముఠాలు వాడుకుంటున్నది ఈ సందునే. 2024 అక్టోబరులో టెలికాం శాఖ ఇలాంటి కాల్స్‌ను గుర్తించే వ్యవస్థ పెట్టగానే మొదటి ఇరవై నాలుగు గంటల్లోనే 1.35 కోట్ల దొంగ కాల్స్ ఆపినట్టు ప్రకటించింది. ఎవరినీ ఫోన్‌లో అరెస్టు చేసే చట్టం మన దేశంలో లేదు.

కరెంటు పోయిన రాత్రి

పాత ల్యాండ్‌లైన్‌కు ప్లగ్ ఉండేది కాదు. అది నడవడానికి కావాల్సిన 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి ఆ రాగి తీగలోనే వచ్చేది. ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఇప్పుడు ఆ రాగి తీగ చోట ఫైబర్ వస్తోంది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోను అని ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు కేబుల్ లాగడం మెచ్చుకోవాల్సిన పని. కానీ ఫైబర్‌లో కరెంటు ప్రవహించదు. ఇంట్లోని పెట్టెకు కరెంటు ఆగితే ఫోనూ ఆగుతుంది. ఏ కంపెనీ ఫైబర్ ఫోనుకైనా ఇదే పరిస్థితి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను కుదిపేసినప్పుడు కరెంటు లేక, డీజిల్ లేక టవర్లూ మూగబోయాయి. విదేశాల్లోని పిల్లలు ఎన్ని యాప్‌లలో ప్రయత్నించినా ఇళ్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు.

బ్రిటన్ తన పాత టెలిఫోన్ వ్యవస్థను 2025 చివరికి ఆపేయాలనుకుని, 2027 జనవరికి వాయిదా వేసుకుంది. ఒంటరి వృద్ధులు మెడలో వేసుకునే అత్యవసర అలారాలు కొన్ని కొత్త లైన్ మీద పనిచేయకపోవడం అందుకు ముఖ్య కారణం. ల్యాండ్‌లైనే దిక్కయినవాళ్లకు కరెంటు పోయినా కనీసం గంటసేపు అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ కంపెనీలకు ఏనాడో చెప్పింది. మన ట్రాయ్ కూడా ఆ నిబంధన పెట్టాలి. ఫైబర్ ఫోను ఇచ్చేవాళ్లు పెట్టెతో పాటు బ్యాటరీ ఇవ్వాలి, కరెంటు పోతే ఫోను పోతుందని కనెక్షన్ ఇచ్చే రోజే చెప్పాలి.

ఇంటివాళ్లు చేసుకోవాల్సిన పనీ ఉంది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన అంబులెన్స్ నంబరు 108 కానీ, ఇప్పటి అత్యవసర నంబరు 112 కానీ వాట్సాప్‌లో మోగవు. టవర్‌ను బట్టి ఎక్కడి నుంచి చేస్తున్నారో చూసి దగ్గరి కేంద్రానికి కలపడం టెలిఫోన్ వ్యవస్థకే తెలుసు. తమ కంపెనీ సిగ్నల్ లేకపోయినా దగ్గర్లో వేరే నెట్‌వర్క్ ఉంటే 112 దాని మీద వెళ్లే వీలుంది. యాప్ కాల్స్‌కే అలవాటుపడి రీచార్జ్ మానేసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే ఆ సిమ్‌ను బతికించి ఉంచండి. డయలర్ తెరిచి 112 ఎలా కొట్టాలో పక్కన కూర్చుని చూపించండి. ఫైబర్ పెట్టెకు చిన్న యూపీఎస్ తగిలించండి. పోలీసులమంటూ వీడియో కాల్‌లో ఎవరైనా బెదిరిస్తే వెంటనే పెట్టేసి టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’లో ఫిర్యాదు చేయండి. డబ్బు పోయి ఉంటే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.